కరోనా కాలంలో రేడియో, టీవీ: మన ఇళ్లకు చేరింది ఎవరి గొంతు?

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ వల్ల ఆ ఉదయం మన మందిరాల తలుపులు తెరుచుకోలేదు. ఆ తర్వాత మట్టల ఆదివారం, శుభ శుక్రవారం, ఈస్టరు, పెంతెకొస్తు ఒకదాని వెంట ఒకటి ఇళ్లలోనే గడిచిపోయాయి. జూన్ 8 నుండి ప్రార్థనా స్థలాలు తెరుచుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చేసరికి పన్నెండు ఆదివారాలు దాటాయి. ఆ రోజుల్లోనూ, మరుసటి ఏడాది వేసవిలో రెండో దశ విరుచుకుపడినప్పుడూ బయటి మనిషి గడప తొక్కడమే గగనమైంది. టీవీ, రేడియో, సెల్‌ఫోన్ మాత్రం రోజూ ఇంట్లోకి వచ్చి మాట్లాడాయి. అవి ఏం చెప్పాయి, ఎవరికి చెప్పాయి, ఎవరిని వదిలేశాయి అన్నది ఇప్పుడు కాస్త నిదానంగా ఆలోచించుకోవచ్చు. మరో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి ఈ ఆలోచన అవసరం కూడా.

ముందు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. రేడియో గానీ దూరదర్శన్ గానీ చేసేది ప్రసారం. ఒకచోట నుండి మాటను గాలిలోకి వదులుతారు. వినేవారు పదిమందైనా పది లక్షలైనా ఆ కేంద్రానికి అయ్యే ఖర్చు పెరగదు. వినేవారికి రీచార్జి అక్కర్లేదు. యూట్యూబ్‌లో అలా కాదు. చూసే ప్రతి మనిషికీ విడిగా డేటా కావాలి, స్మార్ట్‌ఫోన్ కావాలి, సిగ్నల్ కావాలి. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న కుటుంబాలు నూటికి 24 మాత్రమే. పల్లెల్లో అయితే నూటికి 15. లాక్‌డౌన్ నాటికి ఈ లెక్క కొంత పెరిగే ఉంటుంది. అయినా పాఠమూ ప్రసంగమూ వైద్య సలహా అన్నీ ఒక్కసారిగా ఫోన్‌లోకి మారిపోయినప్పుడు బయట మిగిలిపోయినవారు కొద్దిమంది కాదు.

మన సంఘాల సంగతే చూద్దాం. నగర సంఘాలు రెండు మూడు వారాల్లోనే ఆరాధనను ఫేస్‌బుక్ లైవ్‌కో యూట్యూబ్‌కో మార్చుకున్నాయి. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ యాప్ మంచిది, ప్రభువు బల్లను ఇంట్లో తీసుకోవచ్చా అనే చర్చలు చాలా జరిగాయి. వాటిలో తప్పేమీ లేదు. కానీ నలభై ఏళ్లుగా మొదటి బెంచీలో కూర్చునే మామ్మగారి చేతిలో ఉన్నది బటన్ ఫోన్. ఆమెకు ఆ లైవ్ అందలేదు. ఇంట్లో మనవడి ఫోన్ ఉన్నా ఆ వేళకు అందులో అతని ఆన్‌లైన్ క్లాసో ఆటో నడుస్తుండేది. ఇలాంటివారికి క్రైస్తవ టీవీ చానళ్లు కొంత ఆదరణ ఇచ్చాయన్నది నిజం. అయితే అక్కడ మాట్లాడేది ఎక్కువగా పేరున్న ప్రసంగీకులు. మామ్మగారి పేరు, ఆమె మోకాళ్ల నొప్పి, దుబాయిలో చిక్కుకుపోయిన ఆమె కొడుకు సంగతి తెలిసిన పాస్టరుగారు అక్కడ ఉండరు. గొర్రెలు తమ కాపరి స్వరాన్ని గుర్తుపడతాయని బోధించే మనకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. కొందరు పల్లె పాస్టర్లు ఖరీదైన కెమెరాల జోలికి పోకుండా బటన్ ఫోన్లను కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపి, చిన్న చిన్న గుంపులుగా ప్రార్థనలు నడిపారు. చూడ్డానికి పేదరికంగా కనిపించినా, చేరాల్సిన చోటికి చేరిన పద్ధతుల్లో అదొకటని మా అభిప్రాయం.

సరిగ్గా అదే మార్చి 22న ఇంగ్లండులో మరో దారి కనిపించింది. చర్చిల్లో బహిరంగ ఆరాధనలు ఆగిపోవడంతో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ నడిపిన ఆరాధనను బీబీసీకి చెందిన 39 స్థానిక రేడియో కేంద్రాలు ప్రసారం చేశాయి. ఆ కేంద్రాలు ఒక్కో జిల్లాకో నగరానికో పరిమితమైనవి. ఆరాధన ముగిశాక అదే కేంద్రం, ఈ వీధిలో మందులు తెచ్చిపెట్టే మనిషి ఎవరు, ఒంటరిగా ఉన్న ముసలాయనకు సరుకులు ఎవరు ఇస్తారు అనే కబుర్లలోకి దిగేది. సాయం కావాల్సినవారినీ సాయం చేయగలిగినవారినీ కలపడానికి ఆ స్థానిక కేంద్రాలన్నీ ఒక కార్యక్రమమే నడిపాయి. ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు ఉచితంగా రేడియో సెట్లు కూడా పంచారు. కొన్ని కేంద్రాలు శుక్రవారాల్లో ముస్లిం శ్రోతల కోసం ఆధ్యాత్మిక ప్రసంగాలకు చోటిచ్చాయి. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ అలాగే ఉండాలి.

మహమ్మారి వేళ ప్రసారాన్ని ఇలా వాడుకోవడం కొత్తేమీ కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో రేడియో ప్రసారాలే లేవు. మందిరాలు, బడులు మూతపడినచోట జనానికి పత్రికలూ గోడపత్రాలే దిక్కయ్యాయి. తర్వాత 1937లో అమెరికాలోని చికాగో నగరంలో పోలియో వ్యాపించి బడులు తెరవడం వాయిదా పడినప్పుడు పరిస్థితి మారింది. ఆ నగరపు రేడియో కేంద్రాలు ఉచితంగా సమయం ఇచ్చాయి. మూడు లక్షలకు పైగా పిల్లలకు రోజూ పావుగంట చొప్పున పాఠాలు చెప్పారు. ఏ పాఠం ఏ వేళకు వస్తుందో పత్రికలు ముందుగా అచ్చువేసేవి. తల్లిదండ్రులు ఫోన్ చేసి అడగడానికి ఉపాధ్యాయులను కూర్చోబెట్టారు. పాఠం మరీ వేగంగా సాగిపోతోందనీ, కొన్ని ఇళ్లకు సిగ్నల్ సరిగా అందడం లేదనీ, కొందరికి రేడియోయే లేదనీ అప్పుడే ఫిర్యాదులొచ్చాయి. ఎనభై మూడేళ్ల తర్వాత మన ఊళ్లలో విన్న ఫిర్యాదులు దాదాపు ఇవే కావడం గమనించండి.

పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ ఉదాహరణ ఇంకా ఉపయోగపడుతుంది. 2014లో ఎబోలా వ్యాపించి నెలల తరబడి బడులు మూతపడినప్పుడు ఆ పేద దేశం రేడియో పాఠాలు నడిపింది. 2020 మార్చి ఆఖరులో కరోనా వల్ల మళ్లీ బడులు మూసినప్పుడు ఆ పాఠాలు కొద్ది రోజుల్లోనే గాలిలోకి వచ్చాయి. కారణం వాళ్ల దగ్గర డబ్బు ఉండటం కాదు. ఒకసారి చేసి ఉన్నారు, ఆ పని తెలిసినవారు ఉన్నారు, అంతే.

మన రెండు రాష్ట్రాల్లో పాఠాల బాధ్యత ప్రధానంగా టీవీ మీద పడింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా డిజిటల్ పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చూశారు. కేంద్రం కూడా 2020 మేలో పీఎం ఈ-విద్య కింద ఒక్కో తరగతికి ఒక్కో చానల్ చొప్పున పన్నెండు చానళ్లు ప్రకటించింది. రేడియోను కూడా విస్తృతంగా వాడతామని అందులోనే చెప్పింది.

ఇది చిన్న పనేమీ కాదు. దూరదర్శన్ ఉచిత డిష్ ఉన్న ఇంటికి నెలనెలా చందా లేకుండా పాఠం అందింది. అయితే టీవీ ఉన్న ఇల్లు అనడం వేరు, పాఠం విన్న పిల్ల అనడం వేరు. ఇంట్లో టీవీ ఒక్కటే, పిల్లలు ముగ్గురు, ముగ్గురివీ వేర్వేరు తరగతులు. పాఠం వచ్చే వేళకు కరెంటు పోతే ఆ రోజు పాఠం పోయినట్టే. టీ-శాట్ పాఠాలను యూట్యూబ్‌లో మళ్లీ చూడొచ్చు అన్నారు, కానీ ఆ సౌకర్యం ఉన్నవాడికి టీవీ పాఠం అంతగా అవసరం లేదు. కూలికి వెళ్లే తల్లి ఇంటి పని పెద్ద కూతురి మీద వదిలి వెళ్తే, ఆ పిల్ల వంటింట్లో నుండి వినడమే తప్ప చూడలేదు. అన్నిటినీ మించి, అర్థం కాలేదని చెయ్యెత్తి అడిగే వీలు లేదు. కేరళలో ప్రభుత్వ విద్యా చానల్ ద్వారా తరగతులు మొదలైన తొలిరోజే, ఇంట్లో టీవీ పనిచేయక, స్మార్ట్‌ఫోన్ లేక పాఠం చూడలేకపోయిన ఒక విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత అక్కడ గ్రంథాలయాల్లోనూ వాడల్లోనూ సామూహికంగా టీవీ చూసే కేంద్రాల ఏర్పాటు ఊపందుకుంది. ముందే చేయాల్సిన పని అది. ఖాళీగా ఉన్న మన మందిరాల్లో దూరం దూరంగా కూర్చోబెట్టి పదిమంది పిల్లలకు ఒక టీవీ చూపించి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న మనల్ని మనం వేసుకోవలసిందే.

పాఠాల కన్నా అత్యవసరమైనది సమాచారం. ఇక్కడే స్థానికం అన్న మాటకు అసలు అర్థం బయటపడుతుంది. లాక్‌డౌన్ మొదట్లో తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రతా కార్డున్న కుటుంబంలో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. వలస కార్మికులకు 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు అంది. ఈ ప్రకటన ఢిల్లీ చానళ్లకు ఒక్క వాక్యం. మన తెలుగు వార్తా చానళ్లకు ఒక పూట చర్చ. కానీ మనిషికి కావాల్సింది వేరు. మా వార్డుకు ఏ రోజు ఇస్తారు, టోకెన్ ఎవరు ఇస్తారు, వేలిముద్ర పడకపోతే ఎవరిని అడగాలి, రైతు బజారు ఎన్ని గంటల దాకా ఉంటుంది, డయాలసిస్‌కు వెళ్లే బండికి పాసు ఎక్కడ దొరుకుతుంది? ఇవి చెప్పాల్సింది ఆ ఊరివాళ్లే. చిన్న పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్లు నడిపే సిటీ చానళ్లు తెర కింద పరుగెత్తే అక్షరాల్లో ఇలాంటి కబుర్లు కొన్ని ఇచ్చాయి. ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే ఇటుక బట్టీ కార్మికుడికి, మేస్త్రీ పనివాడికి ఆ తెలుగు అక్షరాలు చదవడం రాదు. అతని పేరిట ప్రకటించిన సాయం సంగతి అతనికి అర్థమయ్యే భాషలో చెప్పినవారు తక్కువ.

సమాచారం రానిచోట పుకారు వస్తుంది. కోడి మాంసం తింటే కరోనా వస్తుందని 2020 ఫిబ్రవరి నుండే వాట్సాప్‌లో ఎంత పాకిందంటే, భయం పోగొట్టడానికి తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ నెలల్లో కోళ్ల రైతులు పడ్డ బాధ నవ్వులాట కాదు.

పుకార్లన్నీ వాట్సాప్ నుండే వచ్చాయనుకోవడం మాత్రం పొరపాటు. ఢిల్లీ నిజాముద్దీన్‌లోని మర్కజ్ సమావేశం బయటపడ్డాక వార్తా చానళ్లలో చాలా భాగం రోగాన్ని వదిలి మతాన్ని పట్టుకున్నాయి. ఆ సమావేశాలకు వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని, మీడియా వారిపై దుష్ప్రచారం సాగించిందని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో తప్పుపట్టింది. అప్పటికే మన వీధుల్లో ముస్లిం కూరగాయల బండిని ఆపి పేరు అడిగిన రోజులు గడిచిపోయాయి. మైనారిటీగా బతికే మనం ఈ సంగతిని వేరేవాళ్ల గొడవగా చూడలేం. తెర మీద నాలుగు గంటలు అరిచిన మనిషి ఆ బండివాడి పక్కింటివాడు కాదు. పక్కింటివాడైతే అంత తేలిగ్గా అనలేడు. దగ్గరి గొంతు ఎప్పుడూ మంచిదని మేము అనడం లేదు. కానీ పొద్దున్నే ఎదురుపడాల్సిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు నాలుక కాస్త అదుపులో ఉంటుంది.

అలాంటి దగ్గరి గొంతులు మనకు లేకపోలేదు. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 2008 అక్టోబరు నుండి నడుస్తున్న సంగం రేడియోను దళిత మహిళలే నడుపుతారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పుట్టిన ఈ కేంద్రంలో వినిపించేది పుస్తకాల తెలుగు కాదు, ఆ చుట్టుపక్కల పొలాల్లో మాట్లాడుకునే తెలుగే. భీమవరంలో రేడియో విష్ణు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ ఇలాంటి కమ్యూనిటీ రేడియోలే. ఆకాశవాణికి కూడా స్థానిక కేంద్రాలున్నాయి. 1986లో మొదలైన ఆదిలాబాద్ కేంద్రం గోండి భాషలోనూ కార్యక్రమాలు ఇస్తుంది. చేతులు ఎందుకు కడుక్కోవాలో, టీకా ఎందుకు వేయించుకోవాలో ఒక గోండు పెద్దకు తన భాషలో వినిపిస్తే కలిగే నమ్మకం, హైదరాబాద్ స్టూడియోలో సూటు వేసుకున్న డాక్టరుగారి మాటతో కలగదు.

మరి ఈ చిన్న రేడియోలు మహమ్మారి వేళ ఇంకా పెద్ద పాత్ర ఎందుకు పోషించలేకపోయాయి? ఒక కారణం వాటి శక్తి. కమ్యూనిటీ రేడియోకు అనుమతించేది సాధారణంగా 100 వాట్ల ప్రసారం. చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తే గొప్ప. రెండో కారణం సంఖ్య. 2020 నాటికి దేశం మొత్తమ్మీద ఇవి 300 లోపే. మూడోది డబ్బు. అప్పట్లో గంటకు 7 నిమిషాలకు మించి ప్రకటనలు వేసుకోకూడదు. 2020 మే 22న అప్పటి సమాచార ప్రసార మంత్రి ప్రకాశ్ జావడేకర్ కమ్యూనిటీ రేడియో శ్రోతలను ఉద్దేశించి మాట్లాడుతూ దాన్ని 12 నిమిషాలకు పెంచే ఆలోచన చెప్పారు. కొత్త మార్గదర్శకాల్లో ఆ మార్పు వచ్చేసరికి 2024 అయింది.

వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒక నిబంధన. మన దేశంలో కమ్యూనిటీ రేడియో గానీ ప్రైవేటు ఎఫ్ఎం గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు తిరిగి వినిపించవచ్చు. స్థానిక అధికారులు ఇచ్చే నీటి సరఫరా, కరెంటు, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికల వంటి ప్రకటనలను వార్తలుగా లెక్కించరు కాబట్టి వాటిని చెప్పవచ్చు. అంటే కలెక్టరు కార్యాలయం నుండి నోట్ వస్తే చదవచ్చు. అదే ఊళ్లోని ఆసుపత్రిలో ఆక్సిజన్ అయిపోయిందని ఒక శ్రోత ఏడుస్తూ ఫోన్ చేస్తే? అది వార్త. దాన్ని ప్రసారం చేస్తే లైసెన్సుకే ఎసరు రావచ్చు. రాత్రంతా గొంతు చించుకునే టీవీ చానల్‌కు ఉన్న స్వేచ్ఛ, పది ఊళ్లకు వినిపించే రేడియోకు లేదు. ఈ తేడాకు న్యాయమైన కారణం ఏమిటో మాకు ఇప్పటికీ బోధపడలేదు. భద్రత అంటారు. ఊరి ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో లేదో చెప్పడం దేశ భద్రతకు ఎలా ముప్పు?

మహమ్మారి తగ్గాక ఏం జరిగిందో కూడా చూడాలి. యాంటెనాతో దూరదర్శన్ అందించే పాత ట్రాన్స్‌మిటర్లను, కొన్ని ముఖ్య ప్రాంతాల్లో తప్ప, 2022 మార్చి నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. పాతబడిన సాంకేతికత కాబట్టి దానికి పెద్దగా బాధపడనక్కర్లేదు, ఉచిత డిష్ ఆ లోటు తీరుస్తోంది. 2023 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి ఒకేసారి 91 కొత్త ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రారంభించారు. ఇవీ 100 వాట్లవే. సంతోషించాల్సిన విషయమే గానీ, ఇలాంటివి చాలావరకు వేరేచోట తయారైన కార్యక్రమాన్ని అందుకుని తిరిగి వదిలే రిలే కేంద్రాలు. స్తంభం వచ్చింది, దాని కింద మైకు లేదు. ఆ ఊరి నర్సమ్మగారో, తహసీల్దారో, బడి హెడ్మాస్టరో వచ్చి కూర్చుని మాట్లాడే గది లేనప్పుడు దాన్ని స్థానిక రేడియో అనడం కష్టం. ఆ గది కోసం అడగాల్సింది మన ఎంపీలనూ ఎమ్మెల్యేలనూ. ఎన్నికలప్పుడు సంఘాల దగ్గరికి వచ్చే నాయకులను కమ్యూనిటీ హాలు, ప్రహరీగోడ అడిగే అలవాటు మనకుంది. ఈసారి దీన్నీ జాబితాలో చేర్చవచ్చు.

ప్రభుత్వం కోసం ఆగకుండా సంఘం స్థాయిలో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. స్మార్ట్‌ఫోన్ లేని సభ్యులెవరో, చెవుడు వల్ల రేడియో వినలేనివారెవరో, చూపు తగ్గి టీవీ చూడలేనివారెవరో ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు, అవసరం వచ్చినప్పుడు ఎవరి ఇంటికి మనిషిని పంపాలో తెలుస్తుంది. మీ జిల్లాకు అందే ఆకాశవాణి కేంద్రం ఏది, దగ్గరలో కమ్యూనిటీ రేడియో ఉందా, అక్కడ కార్యక్రమాలు చూసేవారెవరు అన్నది ఇప్పుడే తెలుసుకుని పరిచయం చేసుకోవడం మంచిది. మైకు ముందు కంగారు పడకుండా నాలుగు మాటలు చెప్పగల యువతీ యువకులు మన పాటల బృందాల్లోనే ఉన్నారు. వాళ్లు అక్కడికి వెళ్లేది సువార్త ప్రసంగం చేయడానికే కానక్కర్లేదు. టీకా శిబిరం ఎక్కడో చెప్పినా, వానలప్పుడు నీళ్లు కాచి తాగమని చెప్పినా అది ఊరికి చేసే సేవే.

ఆఖరుగా ఒక చిన్న సంగతి. ఇంట్లో రేడియో సెట్టు లేదని చాలామంది అంటారు గానీ, పెద్దవాళ్ల బటన్ ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎం రేడియో ఉంటుంది. స్మార్ట్‌ఫోన్లలోనూ ఆ సదుపాయం లోపల ఉండి, కంపెనీలు దాన్ని పనిచేయకుండా వదిలేయడం పెరిగింది. అలా చేయవద్దని కేంద్ర ప్రభుత్వం 2023లో ఫోన్ల తయారీదారులకు సూచించింది. మీ ఇంట్లో ఉన్న ఫోన్లను ఒకసారి తీసి చూడండి. ఎఫ్ఎం వినాలంటే మామూలుగా వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టాలి, ఆ వైరే యాంటెనాగా పనిచేస్తుంది. పెద్దవాళ్ల పరుపు కింద ఒక వైరు ఇయర్‌ఫోన్ ఉంచి, మీ దగ్గరి కేంద్రం ఏ నంబరు మీద వస్తుందో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అతికించండి.